మాస్టారికి తెలియని సంగతి

ఆ రోజు మా బడిలో ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, నా బల్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, 'మై ఎయిమ్ ఇన్ లైఫ్' అప్పజెబుతున్నారు. అందరూ డాక్టర్లే అవుతామన్నారు. అందరూ పల్లెటూళ్లకు వెళ్లి పేదలకు ఉచితంగా వైద్యం చేస్తామన్నారు. పోర్ట్ బ్లెయిర్ దాటి ఎరగని పిల్లలు కూడా అదే మాట. ఎవరో ట్యూషన్ మాస్టరు రాసిచ్చిన పేరా అది, ఊరంతా తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేనూ ఉచ్చారణకిన్ని, ధైర్యానికిన్ని అని మార్కులు వేసుకుంటూ పోతున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. ఊళ్లోనే ఉన్న షాదీపూర్ పేట నుంచి పిన్ని.

"మీ మాస్టారు ఎల్లిపోయారమ్మీ" అంది.

నేను పెన్నుకు మూత పెట్టి, మిగిలిన పిల్లల్ని ఇంకో రోజు రమ్మన్నాను. ఇంటికి వెళ్తుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను అలా వరసగా డాక్టర్లకు మార్కులు వేస్తుండగా చూసి ఉంటే, ఆయన కప్పు వంక చూస్తూ కూనిరాగం తీసేవారు. బట్టీ పట్టిన పాఠం ఎవరు అప్పజెప్పినా ఆయన చేసే పని అదే. తిట్టేవారు కాదు, ఆపేవారు కాదు. రేకుల మధ్య వాన కారే చోటును చూస్తూ ఏదో ప్రార్థన పాట సన్నగా పాడుకునేవారు. చెప్పేవాడు సిగ్గుపడి ఆగిపోయాక అనేవారు: "అది నేను చెప్పిన పాఠమే కదరా. నా అన్నం నాకే వడ్డిస్తావా?"

అండమాన్ ఉత్తరాన మాయాబందర్‌లో మా చిన్నప్పటి బడి అది. మా నాన్న మెరైన్ వర్క్‌షాపులో పని చేసేవాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాస్టారు మెయిన్‌ల్యాండ్ నుంచి ఉద్యోగం మీద వచ్చారు. మా క్లాసులో తెలుగువాళ్లం, బెంగాలీలం, రాంచీవాళ్లం, బర్మా నుంచి వచ్చిన కరెన్‌లం అందరం ఉండేవాళ్లం. ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలన్నా, కొట్టుకోవాలన్నా హిందీయే. ఇంగ్లీషు మాత్రం మాలో ఎవరికీ చుట్టం కాదు. జెట్టీ దగ్గర బోర్డు మీద ఉండేది, ఓడ మీద ఉండేది, దూరం నుంచే దండం పెట్టేవాళ్లం.

మాస్టారు పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎప్పుడూ తెల్ల ప్యాంటే. ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే ఊళ్లో, దారి పొడుగునా ఎర్ర బురద ఉండే ఊళ్లో ఆయన తెల్ల ప్యాంటు మానలేదు. మోకాళ్ల దాకా బురద చిమ్మితే, "ఇది మాయాబందర్ అంచు" అనేవారు. టీలో బ్రెడ్డు ముంచి, అది కప్పులో విరిగి పడితే చిన్నపిల్లాడిలా దిగులు పడేవారు. ఆదివారం తెలుగు గుడిలో బైబిలు చదివేది ఆయనే. గొంతు భలే ఉండేది. పాట అందుకుంటే మాత్రం శ్రుతి ఒక ఒడ్డున, ఆయన ఇంకో ఒడ్డున. ఎవరూ చెప్పలేదు, ఆయనకు తెలియదు.

ఇంగ్లీషు పరీక్ష ఆయన రెండు రకాలుగా పెట్టేవారు. రాసే పరీక్ష అందరి బళ్లలో లాంటిదే. రెండోది నోటి పరీక్ష. అది వరండాలో జరిగేది. ఒక కుర్చీ, ఒక పొట్టి స్టూలు. పరీక్షకు వచ్చిన పిల్ల కుర్చీలో, మాస్టారు స్టూలు మీద. "చెప్పేవాళ్లు పైన, వినేవాళ్లు కింద" అనేవారు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే. నాకు తెలియని సంగతి ఒకటి ఇంగ్లీషులో చెప్పు. అంతే. తప్పులు పట్టేవారు కాదు, మధ్యలో సరిదిద్దేవారు కాదు. సంగతి నిజంగా తెలియనిదైతే, వింటూ వింటూ పెన్నుకు మూత పెట్టేసేవారు. టక్కుమని చప్పుడు. ఆ చప్పుడు వినపడితే సగం పాసైనట్టు. చివర్న ఆయన నోట 'ఐ డిడ్ నాట్ నో' అన్న మాట వస్తే పూర్తిగా పాస్. నాకు తెలియలేదు సుమా అని అంత ఆనందంగా చెప్పుకునే పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

"మార్కులు నా జేబులోంచి తీసి ఇవ్వను. మీరు తెచ్చుకుంటే రాసిపెడతాను" అనేవారు.

పిల్లలు తెచ్చుకునేవారు. అడవిలో కలప లాగే ఏనుగుకు మావటిగా పని చేసే రాంచీ ఆయన కూతురు ఒకతి మాతో చదివేది. క్లాసులో నోరు విప్పని పిల్ల. కుర్చీలో కూర్చుని చెప్పింది: "సర్, సండే ఎలిఫెంట్ నో వర్క్. ఎలిఫెంట్ నో సండే." ఏనుగుకు ఆదివారమంటే తెలుసట.

"హౌ?" అన్నారు మాస్టారు.

"సర్, సాటర్డే ఈవినింగ్ మై ఫాదర్ గివ్ బిగ్ బాత్. బిగ్ బాత్, నెక్స్ట్ డే హాలిడే. ఎలిఫెంట్ అండర్‌స్టాండ్."

టక్. మూత పడింది. కానీ మాస్టారికి చెవితో విన్నది చాలదు. కొత్త సంగతి ఏదైనా స్వయంగా చూసి రావాల్సిందే. అడవిలోకి పోయి, ఆ మావటిని బతిమాలి, వారం మధ్యలో ఒక సాయంత్రం ఏనుగుకు పెద్ద స్నానం చేయించారు. మర్నాడు ఏనుగు కదల్లేదు. అరటి గెల చూపించినా కదల్లేదు. కదిలింది ఫారెస్టు రేంజరు. బడి దాకా వచ్చి హెడ్మాస్టరు గదిలో కేకలు పెట్టాడు. మాస్టారు ఆ కేకలన్నీ తల వంచుకుని విని, బురద ప్యాంటుతో నేరుగా క్లాసులోకి వచ్చి, ఆ పిల్ల ముందు నిలబడి "ఐ డిడ్ నాట్ నో" అన్నారు. ఆమెకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ తర్వాత ఆ పిల్ల నోరు మూయించడం మా వల్ల కాలేదు.

అందరూ పాసయ్యేవారు, నాకొక్కదానికే గండం. ఎందుకంటే మా క్వార్టరు పక్క క్వార్టరే మాస్టారిది. మధ్యలో ఉన్నది ఒక చెక్క గోడ. మా ఇంట్లో కూర మాడితే ఆయనకు తెలుసు, నాన్న అమ్మను కసిరితే ఆయనకు తెలుసు. ఇక ఆదివారం గుడిలో కలిపి కూర్చునేదీ మేమే. ఒకసారి మా కోడి బూటులో గుడ్డు పెట్టిందని చెప్పబోయాను. "ఐ నో. ఇట్ వాజ్ మై షూ" అన్నారు. రాసే పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చేవి. నోటి పరీక్షలో మాత్రం అంచు పట్టుకుని ఎలాగో గట్టెక్కేదాన్ని.

ఇప్పుడు పిన్ని సంగతి చెప్పాలి. మాస్టారి భార్య. మాకు రక్తసంబంధం లేదు, పక్కింటి వరస. ఆమెది మా వైపు మాటే, సముద్రం ఒడ్డు మాట. తెలుగు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు రాదు. పెళ్లైన కొత్తలో మాస్టారు నేర్పాలని చూశారట. ఒక సంఘం పిక్నిక్‌లో అందరం ఇసుకలో కూర్చుని భోజనాలు చేస్తుంటే ఎవరో, "మాస్టారూ, మీ చేతిలో తప్పినవాళ్లు లేరటగా?" అని అడిగారు. "ఒక్కరే ఉన్నారు. మీకు అన్నం వడ్డిస్తున్నది ఆమే" అన్నారు మాస్టారు. అందరూ పగలబడి నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే నా ఆకులో అన్నం వేసింది, ఆకు దాటి ఇసుకలో కూడా వేసింది.

ఆ మాట ఆయన అంతకుముందూ అన్నారు, ఆ తర్వాతా అన్నారు. అందులో చెడు ఉద్దేశం లేదు. అదే ఇంకా కష్టం. ఉద్దేశం ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు.

తర్వాత కొన్నాళ్లకు పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. పాలపొడి డబ్బా నా ముందు పెట్టి, "ఇదేటి రాసున్నాదో సెప్పమ్మీ" అంది. అలా మొదలైంది. పలకా లేదు, పుస్తకమూ లేదు. డబ్బాలు, బిస్కెట్ పొట్లాలు, బియ్యం బస్తా మీద అచ్చు, అగ్గిపెట్టె. బడి నుంచి నేను ముందు వచ్చేదాన్ని, మాస్టారు ఆటల పిల్లల దగ్గర ఆగి వచ్చేవారు. ఆ మధ్యలో మా చదువు. పిన్ని మొదట పూర్తిగా చదివిన వాక్యం పాలపొడి డబ్బా మీది: 'కీప్ ఇన్ ఎ కూల్ అండ్ డ్రై ప్లేస్'. చల్లగా, పొడిగా ఉండే చోట దాచమని అర్థం చెప్పాను. పిన్ని బయట కురుస్తున్న వాన వైపు చూసింది.

"డ్రై ప్లేసు మాయాబందర్‌లో ఎక్కడున్నాదే? డబ్బా రాసినోడు ఇక్కడికి రానేదు కామోసు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పిక్నిక్ నవ్వు కాదు, ఇది వేరే.

"మాస్టారికి చెబుదామా పిన్నీ?" అన్నాను ఉత్సాహంగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. "సెప్పకమ్మీ. మత్ బోల్నా. తెలిస్తే మళ్లీ నాకు పరీచ్చ ఎడతారు. ఆ రోజుల్లో అలాగే ఎడితే, నాకు నోట మాట రానేదు. నవ్వీసారు. నానే సెప్తాను, నాకు దైర్నం వొచ్చినప్పుడు."

చెప్పనని మాటిచ్చాను.

ఎనిమిదో తరగతి ఏడాది చివర పరీక్షలు వచ్చాయి. నోటి పరీక్షలో తప్పితే ఇంగ్లీషు తప్పినట్టే, ఇంగ్లీషు తప్పితే క్లాసు తప్పినట్టే. మా నాన్న ముందే తేల్చి చెప్పాడు. "దేఖో, ఈసారి తప్పితే బస్. బడి బంద్. షిప్ ఎక్కించి మెయిన్‌ల్యాండ్‌లో మీ అమ్మమ్మకాడికి తోలీస్తాను, ఎండుచేపలు ఏరుకుందువు." నాన్న ఊరికే అనే మనిషి కాదు. మా అక్కను అలాగే పంపించాడు.

నేను రోజులతరబడి ఆలోచించాను. మాస్టారికి తెలియని సంగతి ఏముంది నా బతుకులో? ఒకటే ఉంది. అది చెప్పకూడదు. వేరేది వెతికే కొద్దీ అదొక్కటే ఎదురొచ్చేది. కుర్చీలో కూర్చునేసరికి బుర్ర ఖాళీ అయిపోయింది.

"టెల్ మీ" అన్నారు మాస్టారు స్టూలు మీద నుంచి.

నేను కుర్చీ చెక్కను గోటితో గీకాను.

"నథింగ్?"

"సమ్‌థింగ్ ఈజ్ దేర్, సర్" అన్నాను. "ఐ కనాట్ టెల్."

"వై?"

"నాట్ మై థింగ్, సర్. అదర్ పర్సన్ థింగ్."

మాస్టారు నా వైపు చూశారు. పెన్ను చేతిలో ఉంది, మూత ఇంకో చేతిలో ఉంది. రెండూ దగ్గరికి వచ్చాయి. టక్కుమంటుందనుకున్నాను. మళ్లీ దూరం జరిగాయి.

"నువ్వు మంచిపనే చేస్తున్నావేమో" అన్నారు తెలుగులో, మెల్లగా. "కానీ నాకు సంగతి తెలియలేదు. తెలియనిదానికి నేనెలా వెయ్యను మార్కు?"

వెయ్యలేదు. నాకు మండిపోయింది. ఈ రోజుకీ ఆ విషయంలో ఆయన పక్షం మాట్లాడలేను. నేనిప్పుడు ఎన్నో ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను, అప్పటి నాలాంటి పిల్ల నా ముందు కూర్చుని ఉంటే వేసేదాన్ని. బట్టీ పట్టకుండా ఆ పిల్ల తనంతట తాను కట్టిన మొదటి ఇంగ్లీషు వాక్యాలు అవి. కానీ ఆయన న్యాయం గీత గీసినట్టు ఉండేది, ఏనుగుకైనా నాకైనా.

ఆ సాయంత్రం నాన్న చొక్కా వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. చెక్క గోడ కదా, అంతా వినపడింది.

"మాస్టారూ, మనం ఒక్క సంఘపోళ్లం. పిల్లకి దారి సూపండి."

"సంఘంలో ఒక్కటే భయ్యా. పరీక్షలో ఎవరిది వాళ్లది. వేరేవాళ్ల సంగతట, చెప్పనంది."

నాన్న తిరిగొచ్చి ఏమీ అనకుండా ఓడ ఎప్పుడుందో కనుక్కోవాలన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుండిపోయింది. గోడకు అవతల పిన్ని గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

మర్నాడు మిగిలిన పిల్లల నోటి పరీక్ష. వరండాలో మేమంతా గోడ వారగా కూర్చున్నాం. కుర్చీ ఖాళీగా ఉంది, మాస్టారు తర్వాతి పేరు పిలవబోతున్నారు. అప్పుడు గొడుగు ముడుస్తూ పిన్ని మెట్లెక్కింది. ఆదివారం గుడికి కట్టుకునే చీర కట్టుకుంది. చీర కుచ్చిళ్లకు మాయాబందర్ అంచు.

మాస్టారు గాభరాగా లేచారు. "ఏమైంది? ఇంట్లో ఎవరికైనా—"

పిన్ని జవాబు చెప్పకుండా నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"సిట్" అంది ఆయనతో.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. పాపం, ఎందుకు కూర్చున్నారో ఆయనకే తెలిసి ఉండదు.

పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నావైపు వేలు చూపించింది. "దట్ గర్ల్ హ్యావ్ వన్ థింగ్. షీ నాట్ టెల్. దట్ థింగ్ ఈజ్ మైన్." ఒక్కో మాటా డబ్బా మీది అక్షరంలా వేలు పెట్టి చదువుతున్నట్టు పలుకుతోంది. "ఐ టెల్. ఐ కెన్ రీడ్. ఇంగ్లీష్. షీ టీచ్. ఇన్ కిచెన్. యూ ఈట్, యూ గో. వీ రీడ్."

మాస్టారు ఏం చేస్తారో మాకు తెలుసు అనుకున్నాం. ఏ సంగతీ ఊరికే నమ్మని మనిషి. ఏనుగును పరీక్ష పెట్టిన మనిషి. ఒళ్లో ఇంగ్లీషు వాచకం ఉంది, పక్కన గోడ మీద నోటీసు ఉంది, ఏదో ఒకటి చదవమంటారు. పిన్ని కూడా అదే అనుకుని ఉంటుంది, కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆయన ఏమీ చదివించలేదు. పెన్నుకు మూత పెట్టబోయారు. పట్టలేదు. మళ్లీ పెట్టబోయారు. వేళ్లకు సిరా అంటుకుంది.

"ఐ డిడ్ నాట్ నో" అన్నారు. ఎప్పటిలా ఆనందంగా కాదు. కూర్చున్నచోట కాస్త చిన్నవారైనట్టు అనిపించారు.

పిన్ని కళ్లు తెరిచింది. "ఆ మార్కులు అమ్మికి ఇచ్చీండి. నానేటి సేసుకోను?" అని తన భాషలోకి వచ్చేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు నన్ను పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. ఎప్పటినుంచి, ఏ డబ్బాతో మొదలుపెట్టావు, ఎలా నేర్పావు అని ఇంగ్లీషులో అడిగారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. పాసయ్యేందుకు సరిపడా వేశారు, ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యలేదు. నాన్న ఓడ మాట ఎత్తడం మానేశాడు. నేను తొమ్మిదిలోకి వెళ్లాను, అక్కడినుంచి ఇక్కడిదాకా వచ్చాను.

ఇంత జరిగినా మాస్టారు పిన్నితో తప్పైందని అన్నట్టు నేను వినలేదు, గోడకు చెవి పెట్టి ఉన్నా వినపడలేదు. ఆ పిక్నిక్ జోకు మాత్రం మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. ఎవరైనా గుర్తు చేసి కదిపినా లేచి వెళ్లి చేతులు కడుక్కునేవారు. దాని బదులు కొత్త అలవాటు ఒకటి మొదలైంది. పొద్దున్నే టీ వేళకు పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చునేవారు. "టెల్ మీ" అనేవారు. పిన్ని ఏదో ఒకటి చెప్పేది. చేప ధర, కలలో వచ్చిన వాళ్లమ్మ, రాత్రంతా కప్పు మీద తిరిగిన ఉడుము. ఒక పొద్దున, "యువర్ సింగింగ్ ఈజ్ బ్యాడ్" అని కూడా చెప్పింది. గోడ ఇవతల మేం నోళ్లు మూసుకుని నవ్వాం. అవతల నుంచి ఆ మాటే వినపడింది, ఐ డిడ్ నాట్ నో. తర్వాతి ఆదివారం గుడిలో ఆయన పాట అందుకోలేదు. పిన్నే మోచేత్తో పొడిచి పాడించింది.

రిటైరయ్యాక వాళ్లు షాదీపూర్ వచ్చేశారు. నేను వెళ్తూ వస్తూ ఉండేదాన్ని. చివరి నెలల్లో మాస్టారు మంచం దిగలేదు, మాట కూడా తగ్గిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, నేనూ పిన్నీ వాళ్ల వరండాలో కూర్చున్నాం. డిగ్లీపూర్ నుంచి ఎవరో పాత విద్యార్థి తెచ్చిన అరటిపళ్లు పక్కన అలాగే ఉన్నాయి. ఆమె ఏడవడం లేదు. టీ చల్లారిపోయింది.

"పొద్దున్న టీ అప్పుడు చెప్పుకునేవారు కదా. మంచం మీద ఉన్నప్పుడు కూడా చెప్పేదానివా పిన్నీ?" అన్నాను.

"రోజూ. కుర్సీ మంచం పక్కన ఏసుకుని. మాట రాకపోయినా ఏలుతో సెప్పమనీవోరు."

"ఆఖరి రోజు ఏం చెప్పావు?"

పిన్ని కొంగుతో కప్పు అంచు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"ఐ యామ్ నాట్ యాంగ్రీ, అని సెప్పేను. ఆ పిక్నిక్ మాటకి. కోపం ఎప్పుడో ఎల్లిపోయింది, సెప్పడవే అవ్వనేదు అని."

"మాస్టారు ఏమన్నారు?"

"ఏటంతారు? ఎప్పుడూ అనీదే. మాట కూడగట్టుకుని ఐ డిడ్ నాట్ నో అన్నారు." ఆమె నావైపు తిరిగింది. అప్పుడు వచ్చింది ఏడుపు. "ఆయనకి తెల్దంట అమ్మీ. ఇన్నాళ్లూ తెల్దంట."